నాన్నగారి సొంత పళ్ళు

మొన్న ఏలూరులో మావారికి కడుపులోకి గొట్టం వేసి చేసే పరీక్ష ఉంటే వెళ్ళాం. పెట్టుడు పళ్ళేమైనా ఉన్నాయా అని నర్సు అడగడమే ఆలస్యం, ఆయన పదిమంది ముందూ పై సెట్టూ కింది సెట్టూ తీసి నా చేతిలో పెట్టి, బోసినోటితో నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇదే ఊళ్ళో, ఈ ప్రశ్నకే, మా నాన్నగారు ప్రాణం మీదికి తెచ్చుకోబోయిన రోజు గుర్తొచ్చింది.

నాన్నగారు పెదపాడు దగ్గర పల్లెలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళిచూపుల్లో తలెత్తగానే ఆయన పలువరసే కనిపించిందనీ, ఇంక మిగతాదేదీ చూడకుండా ఒప్పేసుకున్నాననీ అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట వినిపిస్తే చాలు, ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. అలాంటి మనిషికి రెండువేల సంవత్సరం దాటాక చిగుళ్ళు పాడై పళ్ళన్నీ కదలడం మొదలుపెట్టాయి. నా రెండో కాన్పుకి అమ్మ తాడేపల్లిగూడెం వచ్చి నెలల తరబడి మా ఇంట్లో ఉండిపోవడం ఆయనకి కలిసొచ్చింది. మనవరాల్ని చూడటానికి వచ్చినప్పుడల్లా, చంటిదానికి జలుబు అంటుకుంటుందని, మే నెల ఎండల్లో మూతికి మఫ్లర్ చుట్టుకుని గుమ్మంలోనే కూర్చునేవారు. అమ్మ ఇల్లు చేరేసరికి పీకించుకోవడం, కట్టించుకోవడం అన్నీ అయిపోయాయి. ఈ సంగతి మీ అమ్మకి తెలిసిందంటే మీ మొహాలు చూడనని నాకూ తమ్ముడికీ ఒట్టు పెట్టారు.

ఆ ఒట్టుతో మేం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఒకనాడు కొల్లేటి చేపల పులుసులో సన్నటి ముల్లొకటి సెట్టు కిందికి దూరి ఆయనకి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. కారం ఎక్కువైందే అన్నారు. అమ్మ ఆనాటి నుంచి చేపని ముళ్ళు తీసి వడ్డించడం మొదలుపెట్టింది. జామకాయలు కూడా బాగా పండినవే ఏరి కొనేది. ఆవిడకి ఓపిక పెరిగిందనుకున్నానే గానీ, మట్టిబుర్రని, అంతకుమించి ఆలోచించలేదు.

ఒక వానాకాలం నాన్నగారికి కడుపునొప్పి పట్టుకుంది. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తే, పేగు మెలిపడింది, వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే దక్కరన్నారు. తమ్ముడు రక్తం కోసం పరుగెత్తాడు. స్ట్రెచర్ పక్కన అమ్మా నేనూ మిగిలాం. ఆపరేషన్ గది ముందు నర్సు ఆపి, పెట్టుడు పళ్ళుంటే తీసెయ్యాలంది. నాన్నగారు అంత బాధలోనూ అమ్మవైపొకసారి చూసి, "లేవమ్మా, అన్నీ సొంతవే" అన్నారు.

"సరిగ్గా చెప్పండి మాస్టారూ. మత్తులో ఉండగా ఊడి గొంతుకి అడ్డం పడితే ఊపిరాడదండీ."

"లేవంటున్నాను కదమ్మా!"

నర్సు నావైపు చూసింది. చెబితే ఆయన పరువు, చెప్పకపోతే ప్రాణం. వార్డుబాయ్ అప్పుడే స్ట్రెచర్ లోపలికి తోస్తున్నాడు. ఒట్టూ లేదు గిట్టూ లేదు, చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో అమ్మ ముందుకెళ్ళి స్ట్రెచర్ పట్టుకుంది. కొంగు ఆయన మొహం దగ్గర చాపి, తను గోడవైపు తిరిగిపోయింది.

"ఏవండీ, నేనిటు తిరిగే ఉన్నాను. చూడటం లేదండీ. ఇందులో పెట్టెయ్యండి."

నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్ళు తీసి కొంగులో వేశారు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళి తలుపు మూసుకునేదాకా అమ్మ వెనక్కి తిరగలేదు. తరవాత కొంగు ముడేసుకుని, ఆ ముడిని గుప్పిట్లో బిగించి, ప్రభువా ప్రభువా అంటూ కూర్చుంది. డాక్టరుగారు బయటికొచ్చి గండం గడిచిందని చెప్పేవరకూ ఆ గుప్పిట విప్పలేదు.

మర్నాడు నాన్నగారికి పూర్తిగా తెలివొచ్చాక, అమ్మ పళ్ళు కడిగి తెచ్చి, మళ్ళీ గోడవైపు తిరిగి చెయ్యి వెనక్కి చాపింది. ఆయన పెట్టుకుని దగ్గాక ఇటు తిరిగి, "ఎలా ఉందండీ?" అంది, ఏమీ ఎరగనట్టు. ఇంటికొచ్చాక ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయన దాచుకోవడం మానలేదు, ఈవిడ ముళ్ళు తియ్యడం మానలేదు. పోయేదాకా అలాగే గడిచింది.

నాన్నగారు పోయిన చాలారోజులకి, నీకు మొదటినుంచీ తెలుసు కదమ్మా అని నవ్వుతూ అడిగాను. అమ్మ నవ్వలేదు. "ఏం తెలియడమే? మీ నాన్నగారివి చివరిదాకా సొంత పళ్ళేనే" అని లోపలికెళ్ళిపోయింది.

ఇప్పటి ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలకి దాపరికాల్లేవంటారు. మంచిదే, మా ఇంట్లోనూ లేవు. కానీ అమ్మ ఆయన్ని చూడకుండా ఊరుకున్నంత ప్రేమగా నన్నెవరైనా ఎప్పుడైనా చూశారా అని ఒక్కోసారి దిగులేస్తుంది.