నల్ల పావులు, నా ఏనుగు

మొన్న ఆదివారం కర్నూలులో చదరంగం క్లాసు నుంచి మా మనవరాలు మూతి ముడుచుకుని వచ్చింది. నల్ల పావులతో ఆడేటప్పుడు సిసిలియన్ అనే దూకుడు ఆరంభం జోలికి పోవద్దనీ, కారో-కాన్ లాంటి గట్టి ఆరంభంతో ఒద్దికగా ఆడి డ్రా తెచ్చుకుంటే చాలనీ వాళ్ల మాస్టారు చెప్పాడట. ఆ ‘చాలు’ అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. బీపీ మాత్ర వేసుకునే వయసే, అయినా మండింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఏ ఆటలోనైనా పెద్దవాళ్లదే ముందు. కోయిలకుంట్లలో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో చదరంగం పరిచేవాళ్లు. పెద్దవాళ్లకు మొదటి ఎత్తు వేసే తెల్ల పావులు, చిన్నవాళ్లకు నల్లవి అన్నది అక్కడ ఎవరూ ప్రశ్నించని పద్ధతి. అందరిలోకీ చిన్నదాన్ని, పైగా ఒక్కతే ఆడపిల్లను కాబట్టి తెల్ల పావులు ముట్టే భాగ్యమే నాకు కలగలేదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా మేనమామ సెలవుకు వచ్చినప్పుడల్లా నాకు ఆట నేర్పేవాడు గానీ, ఆయనకు తెలిసిందల్లా బంట్లను గోడలా నిలబెట్టి రాజును దాని వెనక దాచుకోవడమే. ఆ గోడ వెనక కూర్చుని నేను ఎన్ని ఆటలు డ్రా చేశానో, ఆడపిల్ల ఓడకుండా వచ్చిందని అందరూ ఎంత మెచ్చుకున్నారో! ఆ మెప్పు నాకు అస్సలు మింగుడుపడేది కాదు.

కడపలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టుకు ఎంపిక పోటీలు పెట్టారు. ఆఖరి ఆట డ్రా చేసుకున్నా నాకు చోటు ఖాయం, ఓడితే లేదు. వచ్చినవి మళ్లీ నల్ల పావులే. సెలవు పెట్టి మరీ వచ్చిన మామ గుమ్మం దగ్గర నన్ను ఆపి, “గోడ కట్టుకోని కూచోమ్మా, నిన్నెవురు ఏం జేస్తారు? డ్రా అయితే సాలు,” అన్నాడు. తలూపి లోపలికి వెళ్లాను. ఎదుటి అబ్బాయి రాజు ముందు బంటును రెండు గళ్లు జరపగానే, నేను మంత్రి వైపు శకటు ముందున్న బంటును రెండు గళ్లు తోశాను. లైబ్రరీ పుస్తకం ముందు పెట్టుకుని హాస్టల్లో ఒక్కదాన్నే ఆడుకుంటూ నేర్చుకున్న సిసిలియన్ అది. కిటికీ అవతల మామ తల పట్టుకోవడం కనిపించింది. ఆట మధ్యలో, విలువలో పెద్దదైన నా ఏనుగును ఇచ్చేసి అతని గుర్రాన్ని కొట్టాను. అతని రాజు ముందున్న బంట్లు చెల్లాచెదురయ్యాయి, అతనికి చెమటలు పట్టాయి. అంత సంతోషం నాకు ఏ ఆటలోనూ కలగలేదు. చివరికి ఓడిపోయాను.

మామ నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకు నడిచాడు. బస్సెక్కే ముందు, “ఏనుగునిచ్చి చెడిపోతివి గదమ్మా, ఎవురు చెప్పినారు నీకు?” అన్నాడు. ఎవరూ చెప్పలేదు, నాకే అట్లా ఆడాలనిపించింది అన్నాను. ఆయన బతికినన్నాళ్లూ ఏ పెళ్లిలో కలిసినా ఆ ఏనుగు మాట ఎత్తకుండా ఉండలేదు, నేనూ ఒక్కసారైనా తగ్గలేదు. డ్రా చేసిన ఆటల్లో ఒక్క ఎత్తు కూడా గుర్తులేదు గానీ, ఓడిన ఆ ఆట మాత్రం కూర తరుగుతూ మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను.

మొన్న మనవరాలికి అదే చెబుతుంటే, ఒక్కో ఎత్తూ ఫోన్లోని చదరంగం యాప్‌లో వేసి చూసి పకపకా నవ్వింది. ఏనుగునివ్వడం తప్పే కాదట, అక్కడ అంతకంటే మంచి ఎత్తే లేదట. ఆ తర్వాత నేను భయపడి, దాడిలో ఉన్న మంత్రిని వెనక్కి తెచ్చి నా రాజు పక్కన కాపలా పెట్టానే, అక్కడ పోయిందట ఆట. అంటే ఇన్నేళ్లూ తిట్లు తిన్నది ఏనుగు, నన్ను ముంచింది గోడ! నువ్వు సిసిలియనే ఆడు, మీ మాస్టారితో నేను మాట్లాడతానన్నాను.

ఇప్పటి పిల్లలకు ఆట ముగిసిన నిమిషానికే తప్పెక్కడో తేలిపోతుంది, ఏళ్ల తరబడి పోట్లాడుకునే పనే లేదు. నాకు తేలేసరికి మామ లేడు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఆయన సమాధి దగ్గర నిలబడి ఈ సంగతి చెప్పి వస్తాను. బతికుంటే ఒప్పుకునేవాడు కాదు, ఫోనుకేం తెలుసని గదమాయించేవాడు. ఆ గదమాయింపు వినాలని ఉంది.