పుర్రచేతికి దొరికిన రైఫిల్

గుడిలో అన్నదానం రోజున నేను సాంబారు వడ్డిస్తున్నాను. గరిటె ఎడమచేతిలో ఉంది. అది తప్ప నాకు ఇంకో చేయి తెలియదు. ఒక ఆంటీ వరసలోంచే, పదిమంది వినేలా, "చేయి మార్చమ్మా, అందరూ తినేది" అంది. నాకు నలభై దాటాయి. కాన్‌బెర్రాలో ప్రభుత్వ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం, గంగాలిన్‌లో సొంత ఇల్లు. అయినా గరిటె కుడిచేతికి మార్చుకున్నాను. మార్చగానే పక్కవాళ్ళ విస్తట్లో సాంబారు ఒలికింది. ఆంటీకి ఆ ఒలికింది కనపడలేదు.

ఒంగోలులో మా అమ్మమ్మ నా ఎడమచేతి వేళ్ళ కణుపుల మీద అప్పడాల కర్రతో కొట్టేది. బళ్ళో పంతులమ్మ స్కేలుతో ఆ పనే చేసేది. పలక ఎడమచేత్తో పడితే దెబ్బ, చిల్లర ఎడమచేత్తో ఇస్తే దెబ్బ, ప్రసాదానికి ఎడమచేయి చాపితే ఇద్దరి తిట్లూ కలిపి. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. అది మురికి చేయి, అంతే. రోజూ సబ్బుతో కడుక్కునే చేయి మురికిదెలా అయిందో ఇప్పటికైనా ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆరోజు వరసలో ఆ ఆంటీ వెనక నిలబడ్డ పెద్దాయన మాత్రం ఒలికింది చూశాడు. ఫిజీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగువాడు. వాళ్ళ తాతలు చెరుకు తోటల కూలికి పోయినవాళ్ళు. ఆయన తెలుగు పాతది, మధ్యలో ఇంగ్లీషు దూరుతూ ఉంటుంది. భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి, "అమ్మా, నీ లెఫ్ట్ హ్యాండ్ వెరీ స్టెడీ. రైట్ హ్యాండ్ ఎందుకూ పనికిరాదు. ఒక శనివారం మా షూటింగ్ క్లబ్బుకి రా, టార్గెట్ కొడుదువు" అన్నాడు. తుపాకీ అంటే నాకు పండక్కి కాల్చే రీలు తుపాకీయే. అయినా నా చేతిని ఒక పెద్దమనిషి మెచ్చుకోవడం అదే మొదలు కనక వెళ్ళాను.

క్లబ్బు ఊరి బయట గొర్రెల పొలాల మధ్య ఉంటుంది. దారిలో తూటాల దుకాణం ముందు ఆపాడు. లోపల గోడ నిండా పెట్టెలే. ముప్ఫై ముప్ఫై, మూడు వందల ఎనిమిది, ముప్ఫై ఓ సిక్స్, ఇంకా గుర్తు పెట్టుకోలేనన్ని. ఒకదాంట్లో రెండో అంకె పాతకాలంలో పోసిన తుపాకీ మందు బరువట. ఇంకోదాంట్లో అది పుట్టిన సంవత్సరమట. మరోదాంట్లో రెండో అంకే లేదు. ఈ మూడింట్లోంచీ బయటికొచ్చే గుండు మటుకు ఒకటే లావు. ఒకదాని బదులు ఇంకోటి పెడితే ప్రమాదం. మా ఆఫీసులో ఎవడైనా ఫైళ్ళకి ఇలా పేర్లు పెడితే నేను వాడి ఉద్యోగం ఊడగొట్టిస్తాను.

"ఇన్ని దేనికి అంకుల్?" అన్నాను, కోపంగానే.

"మామిడికాయ ఒకటే గదమ్మా, ఎన్ని పచ్చళ్ళు పెడతారు?" అన్నాడాయన. కుందేలుకి చిన్నది చాలు, పందికి పెద్దది కావాలి. ఒకడికి దూరం కావాలి, ఇంకొకడికి భుజానికి దెబ్బ తక్కువ తగలాలి. ప్రతి సైన్యానికీ తనదంటూ ఒకటి కావాలి. మంచి మందు కనిపెట్టినప్పుడల్లా పాత తూటా గొట్టం మెడ నొక్కి కొత్తది చేశారు. ఇదంతా నేను ఒప్పుకుంటాను. ఆ తర్వాతది చెప్పినప్పుడే ఒళ్ళు మండింది. ఉన్నవాటికంటే పిసరంత వేగం పెంచి, కొత్త పేరు పెట్టి, దానికి సరిపోయే కొత్త రైఫిల్ కూడా అమ్ముకోవడానికి ఏటేటా పుట్టించేవి కొన్నట. ఫోన్లకి చార్జర్లు మార్చినట్టే. కొన్నాళ్ళకి ఆ తూటా చేయడం మానేస్తారు, రైఫిల్ గోడకి వేలాడుతుంది.

క్లబ్బులో మొదట ఒక బోల్టు రైఫిల్ ఇచ్చారు. బోల్టు పిడి కుడిపక్కన. నేను ఎడమ భుజానికి ఆనించి ఎడమచేత్తో ట్రిగ్గర్ నొక్కేదాన్ని. ప్రతి గుండుకీ చేయి తీసి, రైఫిల్ మీదుగా అవతలికి చాపి, బోల్టు లాగి, మళ్ళీ వెనక్కి రావాలి. కాల్చిన తూటా ఖాళీ గొట్టం ముఖం ముందు నుంచి దూకేది. ఎడమచేతివాళ్ళకి వేరే రైఫిల్ ఉందా అని అడిగితే, తెప్పించాలి, ఏ కొన్ని రకాల తూటాలకో దొరుకుతుంది అన్నారు. ఆ గోడ గుర్తొచ్చింది. పంది ఎత్తుని బట్టి, దూరాన్ని బట్టి, సైన్యాల గొప్పల్ని బట్టి అన్ని రకాలు చేసినవాళ్ళకి మనిషికి రెండు చేతులుంటాయని తోచలేదు. ఒంగోలులో మా అమ్మమ్మకి తోచలేదంటే అర్థముంది, వీళ్ళకేమయింది?

అప్పుడు అంకుల్ తన పాత రైఫిల్ తీశాడు. లీవర్ యాక్షన్, ముప్ఫై ముప్ఫైది. ట్రిగ్గర్ కింద ఇనుప కడియంలాంటి లీవర్. వేళ్ళు అందులోనే ఉంచి కిందికి తోసి పైకి లాగితే ఖాళీ గొట్టం రైఫిల్ నడినెత్తి నుంచి లేచిపోయి కొత్త తూటా లోపలికి చేరుతుంది. ఏ చేత్తో పడితే ఆ చేత్తోనే. చెంప పిడి మీంచి ఎత్తక్కర్లేదు. తూటాలు బారెల్ కింద ఉండే పొడుగాటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి కనక ముక్కు మొండిగా ఉండేవే వాడాలి. లేకపోతే వెనకదాని మొన ముందుదాని అడుగున గుచ్చుకుని లోపలే పేలుతుందని ఆయన రెండుసార్లు చెప్పాడు. నేను వింటూనే లీవర్ ఆడించాను. ఖళక్, ఖళక్. నా ఎడమచేతిని ఏమీ అడగని వస్తువు జీవితంలో మొదటిసారి దొరికింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇక నాకు అలాంటిది ఒకటి కావాలి. ఇక్కడ రైఫిల్ కొనాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సుకి కారణం చూపాలి. నా కారణం క్లబ్బు సభ్యత్వం. అది ఇంకా ఇవ్వలేదు, కొత్తవాళ్ళని కొన్నాళ్ళు చూసి ఇస్తారు. సరిగ్గా ఆ చూసే రోజుల్లోనే నా చేయి నన్ను ముంచింది.

ఒక శనివారం అంకుల్ రైఫిల్ నా కుడిచేతిలో ఉంది. లీవర్ తెరిచి ఉంది, లోపల ఖాళీ, మూతి టార్గెట్ల వైపు. ఎడమచేయి ఊరికే ఉంది. అంకుల్ ఎడమపక్క నుంచి తూటాల పెట్టె చాపాడు. పెద్దాయన. పెద్దవాళ్ళు ఇచ్చేది ఎడమచేత్తో తీసుకుంటానా? నేను ఆలోచించేలోపే ఒళ్ళు ఆ పని చేసేసింది. రైఫిల్‌ని ఎడమచేతికి మార్చి, ఆయన వైపు తిరిగి, మర్యాదగా కుడిచేయి చాపాను. నాతోపాటు రైఫిల్ కూడా తిరిగింది. దాని మూతి బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరి మీదుగా వెళ్ళింది. రేంజ్ చూసుకునే ఆవిడ "స్టాప్" అని అరిచింది. అందరూ తమ రైఫిళ్ళ మీంచి చేతులు తీసేశారు.

కమిటీ ముందు కూర్చోబెట్టారు. అంకుల్ నా పక్కనే కూర్చుని, రైఫిల్ కింద పెట్టమనకుండా పెట్టె చాపడం తన తప్పేనన్నాడు. వాళ్ళు వినలేదు, వినకపోవడం న్యాయమే. కానీ అధ్యక్షుడు నన్ను అడిగాడు, "నీ ఎడమచేయి ఖాళీగానే ఉంది గదా, నువ్వు ఎడమచేతి మనిషివే గదా, దాంతో ఎందుకు తీసుకోలేదు?"

"మా వైపు అది మురికి చేయి అంటారు" అన్నాను, ఇంగ్లీషులో.

ఆయన నిజంగానే నా చేతి వైపు చూశాడు. ఆ చూపుకి నాకు కోపం రాలేదు. ఆ మాట నా నోటితో, నాకొచ్చిన మంచి ఇంగ్లీషులో, నేనే అన్నందుకు వచ్చింది. అమ్మమ్మ కర్ర ఇంత దూరం మోసుకొచ్చింది నేనే. ఆ కర్ర ఇంకాస్తయితే ఒకరి ప్రాణం మీదికి తెచ్చేది. ఇంకో శనివారం చూస్తామని, మళ్ళీ అలా చేస్తే సభ్యత్వం లేదని చెప్పి పంపారు.

ఆ శనివారం రేంజ్ ఆవిడ కావాలనే నా ఎడమపక్కకొచ్చి, మాటల మధ్యలో పెట్టె చాపింది. నా కుడిచేయి కదలబోయింది, నాకు తెలుస్తూనే ఉంది. కణుపులు నొప్పి పెట్టినట్టే అనిపించింది. మూతి టార్గెట్ల వైపే ఉంచి రైఫిల్ బెంచీ మీద పెట్టాను. ఆ తర్వాత ఎడమచేత్తో పెట్టె అందుకున్నాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. సభ్యత్వం కాగితాలు మరుసటి వారం వచ్చాయి.

మొన్న గుడిలో మళ్ళీ సాంబారు నాకే పడింది. మళ్ళీ ఆ ఆంటీయే వచ్చింది. ఆమె వెనక అంకుల్ విస్తరి పట్టుకుని ఉన్నాడు.

"చేయి మార్చమ్మా" అంది ఆంటీ.

"మార్చను ఆంటీ" అన్నాను. "చేయి మారిస్తే నేను మనుషుల మీదికి గురిపెడతాను."

ఆమెకేమీ అర్థం కాలేదు. అంకుల్ నవ్వు ఆపుకోలేక విస్తరి కిందికి వంచాడు. ఆమె ఏదో అనబోయి, వెనక వరస పెరుగుతోందని విస్తరి చాపింది. ఎడమచేత్తోనే వడ్డించాను, ఒక్క చుక్క ఒలకలేదు.