కొండవైపు తిరిగిన బండి

చిలీ రాజధాని శాంటియాగో నుంచి యాత్రికులను తెచ్చే ఎవారిస్తో, వల్పరైసో తీరంలో ఎప్పుడూ బండిని కొండవైపు తిప్పి ఆపేవాడు. ఒకనాటి మధ్యాహ్నం భోజనాల దగ్గర గ్లాసులు గలగలలాడాయి. యాత్రికులు లేచి నిలబడ్డారు. ఊరివాళ్ళెవరూ కదల్లేదు, చిన్న ప్రకంపనలకు లేవడం అక్కడ నామోషీ.

"కూర్చోండమ్మా, భూమి ఆవులించిందంతే. చేపల పులుసు చల్లారిపోతుంది," అంది హోటల్ నడిపే నెల్దా. ఎవారిస్తో కూడా నవ్వాడు. నవ్వుతూ కిటికీలోంచి చూశాడు. పడవలన్నీ తడి ఇసుక మీద పక్కకు ఒరిగి ఉన్నాయి. సముద్రం ఎక్కడో దూరాన ఉంది.

"అక్కా, అన్నీ వదిలేసి బండెక్కు."

"పొయ్యి ఆర్పి వస్తాలేరా పిరికోడా, నువ్వు పద."

అతను యాత్రికులతో కొండెక్కాడు. తిరిగొచ్చిన సముద్రం హోటల్నీ, ఆమెనీ తీసుకుపోయింది.

ఇప్పుడు యాత్రికుల భోజనాలు తీరానికి దూరంగా, దారిలోని ఒక ద్రాక్షతోటలోనే. తీరంలో నిలిపినంతసేపూ అతను బండి ఇంజను ఆపడు.