నౌపడలో కొన్న బండి

పాత డీజిల్ బండి కొనేవాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి సలహాకి వస్తారు. పొద్దున్నే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్టు చెయ్యమంటాను. మొదటి పొగ ఏ రంగులో వస్తోందో చూడమంటాను. ఆయిల్ మూత తీసి, అక్కడ పొగ ఎగదన్నుతోందేమో చూడమంటాను. ఇవన్నీ చెప్పాక, బండి కింద వెల్లకిలా పడుకుని సుత్తితో అడుగునున్న ఇనుప చట్రం, చాసీ అంతా కొట్టి చూడందే బేరం మాట ఎత్తొద్దంటాను. చొక్కా మాసిపోతుందని వెనకాడేవాణ్ణి తిట్టి పంపిస్తాను. ఒకప్పుడు చొక్కా మాయనివ్వని మనిషిని నేనే కాబట్టి ఆ తిట్టే హక్కు నాకుంది.

మాది భావనపాడు. అన్న వేటకెళ్లేవాడు. నేను ఒడ్డున ఉండి, అతను తెచ్చిన చేపని టెక్కలికీ పలాసకీ చేరవేసేవాణ్ణి. నాకు సముద్రం పడదు. రెండు అలలు దాటితే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. అన్నకి ఒడ్డు పడదు. పెళ్లికి పిలిస్తే పందిట్లో కూర్చోకుండా వీధిలో నిలబడి గాలి ఎటు తిరిగిందో చూసుకునేవాడు.

ఆ రోజుల్లో మా ఊళ్లో వయసులో ఉన్న మగవాళ్లు ఒక్కొక్కరే గుజరాత్ వెళ్లిపోతున్నారు, వీరావల్ బోట్ల మీద పనికి. వెళ్తే నెలల తరబడి అక్కడే. ఒకప్పుడు పడవ ఒడ్డెక్కించాలంటే ఒక్క కేకకి ఇరవై మంది తాడు పట్టేవాళ్లు. చివరికి ముసలివాళ్లూ ఆడవాళ్లూ నేనూ మిగిలాం. పడవని నీటి అంచున వదిలేస్తే ఏదో ఒక రోజు అల ఎత్తుకుపోతుంది. ఇక పడవ అమ్మేసి తానూ వీరావల్ పోతానని అన్న అనడం మొదలుపెట్టాడు. వదిన ఆ మాట విన్నప్పుడల్లా లేచి లోపలికి వెళ్లిపోయేది. చేపలు మోసేదీ, పడవని లాగేదీ ఒక పికప్ బండి ఉంటే అన్న ఇక్కడే ఉండిపోతాడని నాకు తట్టింది. ఆ ఆలోచన నాదే.

రెండు బండ్లు చూశాం. మొదటిది టెక్కలి దగ్గర, చేపలు మోసిన బండి. తలుపు తీస్తే కంపు. వెనక ట్రాలీ రేకు తుప్పు తినేసి రెండు చోట్ల కింద నేల కనిపిస్తోంది. దాని యజమాని కూడా మాలాగే చేపల వ్యాపారి. దాపరికం లేదు.

"సాసీకి ఒక సోట అతుకేయించినాను. ఇంకో సోట ఏయించాల. ఇంజిను మాత్రం గుండ్రాయిలాగున్నాది," అన్నాడు.

అన్నకి ఆ మనిషి నచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు సెప్తన్నాడురా," అన్నాడు నాతో. నాకు బండి నచ్చలేదు. ఇన్నేళ్లు చేప కంపులో బతికింది చాలక, నలుగురిలో తిరిగే బండి కూడా కంపు కొట్టాలా అనిపించింది. అదీ అసలు సంగతి, ఇప్పుడు దాచి ఏం లాభం.

రెండోది నౌపడలో, ఒక షావుకారు దగ్గర. తెల్లగా కడిగించి, సీట్లకి కొత్త కవర్లు తొడిగించి, లోపల ఊదొత్తి కూడా వెలిగించి పెట్టాడు. కిరాణా సరుకు తప్ప ఏదీ మొయ్యలేదన్నాడు. మేం వెంటబెట్టుకెళ్లిన మేస్త్రీ ఇంజిను విన్నాడు, పొగ చూశాడు, ఇద్దర్నీ ఎక్కించుకుని రైలు గేటు మిట్ట మీదికి రెండుసార్లు తోలాడు. "లాగుడు బాగున్నాది," అన్నాడు. కింద సంగతేమిటని అడిగితే, "నాను ఇంజిను మేస్త్రీని బాబూ, కింద మీరే సూసుకోండి," అన్నాడు.

నేను మోకాళ్ల మీద వంగి చూశాను. చాసీ అంతా కొత్త నలుపు, తళతళలాడుతోంది. ఇంకెవరైనా ఆ నలుపు చూసి అనుమానపడేవారు. మేం పడవల వాళ్లం. నాన్న తన చెక్కపడవని ఏడాదికోసారి బోర్లించి అడుగుకి తారు పూసేవాడు. అడుగు నల్లగా మెరిసే పడవని చూస్తే, దాని మనిషి ఒళ్లు దాచుకోనివాడని మాకు నమ్మకం.

"సూడన్నా, ఏటేటా అడుగు సూసుకున్నాడు," అన్నాను.

అన్న వంగి బొటనవేలితో తడిమాడు. "గోకి సూద్దుమేటి?" అన్నాడు. షావుకారు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒగ్గీ అన్నా, ఆయనేటనుకుంతాడు," అన్నాను.

చుట్టూ ఉప్పు మడులున్న ఊళ్లో ఈ బండి ఉప్పు మొయ్యకుండా ఎలా ఉందని అడిగే జ్ఞానం కూడా నాకు లేకపోయింది.

ఏడాదిన్నర బాగానే నడిచింది. వెనక కొక్కేనికి తాడు కట్టి, పడవ కింద దుంగలు పరిచి, ఫస్టు గేరులో మెల్లగా లాగితే పడవ బుద్ధిగా ఇసక ఎక్కేది. ఊళ్లో మిగతా పడవలకీ మా బండే దిక్కయింది. అన్న వీరావల్ మాట మానేశాడు. వదిన పులుసులో పెద్ద ముక్క నాకే వేసేది. నేను మీసం తిప్పుకుంటూ తిరిగాను.

తుఫాను కబురొచ్చిన రోజు మధ్యాహ్నం పడవలన్నీ పైకి చేర్చమన్నారు. స్టీరింగు దగ్గర నేను. ప్రతి పడవ వెనకా భుజం ఆనించి నెడుతూ అన్న. ఐదో పడవ లాగుతున్నప్పుడు నా వెనక కింద నుంచి టప్పుమని ఒక చప్పుడు వచ్చింది. నా కాలు దానంతటదే క్లచ్ మీదికి వెళ్లింది. దిగి చూడాలి. వాన మొదలైంది, జనం బేగి, బేగి అని అరుస్తున్నారు, తర్వాతది మా పడవే. రాయి ఎగిరి తగిలిందేమో అనుకున్నాను. నిజానికి అలా అనుకోలేదు, అనుకోవాలని చూశాను. దిగలేదు.

మా పడవ సగం మిట్ట ఎక్కాక బండి ఉన్నట్టుండి తేలికై ముందుకి దూకింది. వెనక్కి తిరిగి చూస్తే పడవ దుంగల మీద వెనక్కి జారిపోతోంది. దాని వెంట తాడు, తాడు చివర కొక్కెం, కొక్కేనికి అంటుకుని మా చాసీ ముక్క. అన్న పక్కకి ఒక అడుగు వేశాడు. రెండో కాలు పడవకీ దుంగకీ మధ్య ఉండిపోయింది.

ఊళ్లో ఇంకో బండి లేదు. వెనక విరిగినా ఇంజిను నడుస్తోంది. చేపలు మోసే ఆ ట్రాలీలోనే పడుకోబెట్టి టెక్కలి తీసుకెళ్లాను. అక్కణ్ణుంచి శ్రీకాకుళం పంపారు. అక్కడ అన్న కాలు మోకాలి పైదాకా తీసేశారు.

తర్వాత మేస్త్రీ బండి కిందికి దూరి, చాసీలో ఇంకో ముక్కని చేత్తోనే విరిచి బయటికి తెచ్చాడు. నలుపు పెచ్చుగా ఊడింది. లోపల ఇనుము లేదు, ఎర్రటి పొరలున్నాయి. "ఉప్పు మూటలు మోసిన బండి బాబూ," అన్నాడు. ఊళ్లో వాళ్లు షావుకారు ఇంటి మీదికి వెళ్దామని లేచారు. నేనే ఆపాను. అతను మోసం చేశాడు, నిజమే. చప్పుడు విన్నది మాత్రం అతను కాదు.

పడవ అమ్మేశాం. వదిన చేపల తట్ట ఎత్తుకుంది. నాకు వేళకి అన్నం పెడుతుంది, మాట్లాడదు. అన్న గుమ్మం ముందు మంచం మీద కూర్చుని ఊరివాళ్ల వలలు బాగుచేస్తాడు. మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం, వల మీంచి తల ఎత్తకుండానే నన్ను అడిగాడు.

"ఒరే, ఇరిగిపోయే ముందు ఏటైనా సప్పుడొచ్చినాదేటి? ఇనుము కదా."

"నేదన్నా," అన్నాను.

"మీ వదినితో నానూ అదే సెప్పినాను," అన్నాడు. "సప్పుడు ఇనబడితే ఆడు దిగకుండా ఉంతాడేటే, అన్నాను."