మూడో ప్రకటనకు ముందు రక్తపరీక్ష

జిల్లాలు విడదీసిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి రెండో గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మార్కాపురం బస్టాండులో మొదలైంది ఈ సంగతి. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. లెక్కల టీచరుగా రిటైరై రెండేళ్లు, భర్త పోయి పంతొమ్మిదేళ్లు. పక్కన కూర్చున్నది గిద్దలూరులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, భార్య పోయి ఆరేళ్లు. మేమిద్దరం పెళ్లి చేసుకుందామని అనుకుని పన్నెండు రోజులు. వచ్చే ఆదివారం నుంచి వరుసగా మూడు ఆదివారాలు చర్చిలో మా పెళ్లి ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి.

"వాళ్లు చెప్పేలోపు మన ఒంట్లో ఏముందో మనం తెలుసుకుందాం. హెచ్ఐవీ, హెర్పిస్, అన్నిటికీ పరీక్ష చేయించుకుందాం" అన్నాను.

"హెర్పిస్ అంటే ఏంది?"

"ఆడామగా కలయిక వల్ల అంటుకునే వైరస్. నీటిపొక్కులు లేస్తాయి. చాలామందికి అవీ లేవవు."

ఆయన ముఖం వాడిపోయింది. "పొక్కులు నాకు లేచినాయి టీచరమ్మా. నడుం చుట్టూ. కుమ్మరి తాత పొక్కుల మీద జాజు ఎర్రమన్నుతో సింహం బొమ్మ రాసినాడు, తగ్గింది. అయితే పెళ్లి లేనట్లేనా?"

నేరుగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. విని ఆమె నవ్వింది.

"అది అక్కి, పెదనాయనా. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరసే మళ్లీ లేస్తాది. హెర్పిస్ వేరు." తరువాత నా వైపు తిరిగింది. "పుండ్లు లేనప్పుడు హెర్పిస్‌కు రక్తపరీక్ష మేం మామూలుగా రాయం పెద్దమ్మా. ఒక్కోసారి తప్పు చూపిస్తాది. ఉందని తేలినా ఎప్పుడొచ్చిందో చెప్పదు. ఊరికే మనసు పాడు చేసుకుంటారు."

"నా మనసు సంగతి నేను చూసుకుంటాను. రాయండి."

ల్యాబులో అమ్మాయి చీటీ చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించింది. "అవ్వా, ఇది ఎవరికి? మనవరాలికా?"

"నాకే. ఏ చెయ్యి చాపమంటావు?"

ఆరో రోజు ఫలితాలు వచ్చాయి. ఆయనకు ఏమీ లేదు. నాకు హెర్పిస్ రెండో రకం ఉందని రాసి ఉంది. తప్పేమో చూడాలని డాక్టరమ్మ మళ్లీ నా రక్తం తీయించి మరో పద్ధతి పరీక్షకు పంపింది. మీదేమైందని ఆయన ఫోనులో అడిగితే, ఇంకా తేలలేదన్నాను. అది నిజమే. రెండో ఆదివారం ప్రకటన కూడా అయిపోయింది. శనివారం పొద్దున తేలింది. ఉంది.

"ఈ వైరస్ ఏళ్ల తరబడి ఏమీ చెయ్యకుండా ఒంట్లో ఉండొచ్చు. ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం" అంది డాక్టరమ్మ. "పొక్కులు లేస్తే దూరంగా ఉండండి. రోజూ వేసుకునే మాత్ర ఉంది. ఆయనకు అంటుకునే అవకాశం తగ్గుతాది గాని సున్నా కాదు."

ఆ కాగితం నేను చింపేస్తే అడిగేవాళ్లు లేరు. నేను రెండు గంటల బస్సుకు గిద్దలూరు వెళ్లి, ఆయన వరండాలో నిలబడే చెప్పాను.

"పరీక్ష అడిగింది నేను, ఉన్నదీ నాకే. మీకు అంటుకునే అవకాశం తగ్గించొచ్చు, సున్నా చెయ్యలేం. ప్రకటన ఇంకొకటి మిగిలింది. మీకు అభ్యంతరం ఉంటే రేపు చెప్పొచ్చు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం రెండు వైపులా చూశారు.

"సింహం బొమ్మ రాపిచ్చుకుంటే పోదా?"

"పోదు."

"మీరు చెప్పకుంటే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మాత్ర తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాను."

"అయితే కూర్చోండి, టీ పెడతా. రేపు నేను ముందు బల్ల మీదే కూర్చుంటా."

కూర్చున్నారు. పాస్టరుగారు మూడోసారి మా పేర్లు చదివి ఆగారు. ఎవరూ లేవలేదు. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినప్పుడు కూడా నేను అంత నిటారుగా కూర్చోలేదు.

పోయినవి: రక్తం మూడుసార్లు, నాది రెండు, ఆయనది ఒకటి. నాకు నిద్ర నాలుగు రాత్రులు. నా ఒంట్లో ఏమీ లేదన్న నమ్మకం. ఆయనకు అక్కి భయం. అంతే.