ఆగ్నేయంలో టేబుల్ ఫోను

రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిను మా ఐసు ఫ్యాక్టరీ ముందు టెలిఫోను కేబులు తెంపేసి తన దారిన పోయింది. ఎప్పుడు అతుకుతారని అడిగితే ఎవరూ ఒక తేదీ చెప్పలేదు. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల చేపల చెరువుల వాళ్లందరికీ నోటికి వచ్చిన నంబరు అది. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున పొద్దున్నే దానికి ఫోను చేసి ఎన్ని ఐసు దిమ్మలు కావాలో చెబితే, వల ఒడ్డుకు చేరేలోగా ఐసు బండి చెరువు గట్టున ఉండేది.

ఫ్యాక్టరీ మా బావమరిదిది. ఆర్డర్లు రాసుకుని బళ్లు పంపేది నేను. లైను పోయాక ఆర్డర్లన్నీ అతని సెల్లుకు రాసాగాయి. ఆ సెల్లు అతనితోపాటు గన్నవరం పెళ్లికి వెళ్తుంది, విజయవాడ గృహప్రవేశానికి వెళ్తుంది. ఫ్యాక్టరీలో మాత్రం ఉండదు. నా సెల్లు నంబరు ఇవ్వొచ్చు కదా అంటే, నేను రెండింటికి ఇంటికి పోతాను. ఐసు పోదు.

చేపల ప్యాకింగ్ షెడ్డు నడిపే పెద్దాయన ఒకరోజు స్వయంగా ఆఫీసుకు వచ్చాడు.

"మీ బావమరిది ఫోనెత్తితే వెనకాల సన్నాయండీ. 'ఆఁ ఆఁ, పంపిస్తా' అంటాడు. ఎన్ని దిమ్మలో కూడా వినడు. సోమవారం పెద్ద పట్టుబడి ఉంది. ఆ పొద్దుటికి ఈ బల్ల మీద మోగే ఫోను ఒకటుండాలి. లేదంటే రెండో ఫ్యాక్టరీకి పోతాను. ఏమనుకోకండి."

మేం తీసే ఐసులో నాలుగో వంతు ఆయనకే వెళ్తుంది. ఏమనుకోవడానికి తీరిక లేదు.

సిమ్ వేసుకునే టేబుల్ ఫోను కొందామన్నాను. కొనేముందు ఏ కంపెనీ సిగ్నలు ఎక్కడ అందుతుందో చూడాలి కదా. పనివాళ్ల దగ్గర మూడు కంపెనీల సిమ్ములు అడిగి తీసుకుని, ఆఫీసులో మూడు చోట్ల, ఒక్కో చోట పదేసి కాల్స్ చేశాను. నిమిషం పాటు తెగకుండా నిలిస్తేనే ఒకటి వేసుకున్నాను. కిటికీ దగ్గర ఒక కంపెనీకి పదికి పది వచ్చాయి. రెండోదానికి ఏడు. మూడోదానికి నాలుగు. ఆగ్నేయ మూలలో ఆ మూడోదానికి ఒక్కటే వచ్చింది, ఎందుకంటే ఆ గోడ అవతల కంప్రెషర్లూ రేకులూ తప్ప ఏమీ లేవు. ఇందులో అభిప్రాయానికి చోటు లేదు. పది అంటే పది.

తర్వాత విజయవాడలో ఫోన్ల షాపుకు వెళ్లాను. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు వస్తుందని కౌంటరులో కూర్చున్న కుర్రాణ్ణి అడిగాను.

"రోజంతా వస్తుందండీ."

"మాట్లాడుతూ ఉంటేనా, ఊరికే పెట్టి ఉంచితేనా?"

"చాలా బాగుంటుంది సార్. మూడు కలర్లున్నాయి."

ఆ కుర్చీలో కూర్చోవడానికి ఏ పరీక్షా ఉన్నట్టు లేదు. పెట్టె మీది అక్షరాలు నేనే చదువుకుని, ఫోర్‌జీ పట్టేదీ యాంటెనా ఉన్నదీ ఒకటి ఎంచాను. ఫోను పేరూ, కంపెనీ పేరూ, కిటికీ అన్న మాటా కాగితం మీద రాసి బావమరిదికి ఇచ్చాను. కొనేది యజమాని కదా.

శనివారం సాయంత్రం వచ్చాడు. ఫోను నేను చెప్పిందే, ఎర్రది. సిమ్ము మాత్రం మూడో కంపెనీది.

"నంబరు కూడి చూడండి బావగారూ."

కూడాను. యాభై.

"ఐదూ సున్నా ఐదు! నాకు ఐదు పడుతుందని న్యూమరాలజీ ఆయన రాసిచ్చాడు. లెక్కలొచ్చిన మనిషి మీరు, మీరే చెప్పండి."

"ఏ నంబరు కూడినా చివరికి ఒకటి నుంచి తొమ్మిదిలోపే తేలుతుంది. తొమ్మిదింట్లో ఒకటి నీ ఐదే. నేను రాసిచ్చిన కంపెనీలో ఓ ఇరవై నంబర్లు చూపించమంటే నీ ఐదు అక్కడే దొరికేది."

"ఆ కంపెనీ పేరు మొదటక్షరం నాకు పడదంట."

కొత్త నంబరును మూడు నెలలదాకా వేరే కంపెనీకి మార్చనివ్వరు. అది చెబితే, "మార్చే పనేం పడుతుంది?" అని నవ్వాడు. కరెంటుతో నడిచేది ఆగ్నేయంలోనే ఉండాలని ఫోను తీసుకెళ్లి ఆ మూలలో బల్ల వేసి పెట్టాడు. బొట్టు కూడా పెట్టాడు. ఒక మనిషి రెండు రోజులు కూర్చుని తొంభై కాల్స్ చేసి తేల్చినదాన్ని, ఇంకొకడు పది అంకెలు కూడి కొట్టేశాడు. ఆ కూడిక కూడా వాడు చేసింది కాదు.

ఆదివారం ఆ నంబరే పెద్దాయనకు పంపించాడు.

సోమవారం ఆరింటికి ఫోను మోగింది. ఎత్తాను. "ఏమండీ, రెండొం..." అని తెగింది. మళ్లీ మోగింది. "వినపడు..." అని తెగింది. నాలుగోసారి ఫోను ఎత్తుకుని కిటికీ దగ్గరికి నడిచాను.

"అక్కణ్ణుంచి కదపకండి బావగారూ!" అని బావమరిది వెంటపడ్డాడు.

కిటికీ దగ్గర ఒకసారి "దిమ్మలు" అన్న మాట దాకా వచ్చింది. నా సెల్లు తీసి ఆయనకు చేస్తే బిజీ. నాలుగోసారికి దొరికాడు.

"వేరేచోట చెప్పేశానండీ. బండి బయల్దేరింది కూడా."

మధ్యాహ్నం బండేసుకుని షెడ్డుకు వెళ్లాను. రెండో ఫ్యాక్టరీ ఐసు క్రషర్లో వేస్తున్నారు. దిమ్మలు తెల్లగా, లోపలంతా బుడగలతో ఉన్నాయి. సగం విరిగే వచ్చాయి. గంట నిలవని సరుకు. పెద్దాయనకు ఆ ఐదు సంగతంతా చెప్పి, నా లెక్కల కాగితం చూపించి, పదికి పది వచ్చిన కంపెనీ సిమ్ము నా సొంతంగా తెచ్చి కిటికీలో పెడతానన్నాను.

ఆయన కాగితం పూర్తిగా చదివాడు. "ఇది బానే ఉంది. ఐసు కూడా మీదే మంచిదండీ, నాకు తెలీదా?"

"మరి?"

"ఫోను కొనేవాడు మీరు కాదుగా. రేపు ఇంకొకడెవడో ఏడు మంచిదంటాడు. అప్పుడు వల నీళ్లలో ఉంటే నేనేం చేసేది?"

ఆయన టీ తెప్పించాడు. తాగి, కాగితం జేబులో పెట్టుకుని వచ్చేశాను.