అయ్యగారి కాళ్ల కింది తడి

ఆ రోజుల్లో నాకు ఇంజిన్ గురించి తెలిసినదానికన్నా పాపం గురించి తెలిసిందే ఎక్కువ. ఇరవై రెండేళ్ల వయసు, జేబులో కొత్త లైసెన్సు, చేతిలో చర్చి సంఘంవారు అప్పగించిన పాత కారు. బండి మొరాయిస్తే ముందు నా హృదయాన్ని పరీక్షించుకునేవాణ్ని, ఆయిలూ నీళ్లూ ఆ తర్వాతే. (ఆ వరస తప్పని ఇప్పటికీ అనను. కాకపోతే రెంటినీ ఒకేసారి చూసుకోవచ్చు.)

ఉట్నూర్ అవతలి పల్లెలో మా సంఘపు ముసలావిడ ఒకామె మంచాన పడింది. తెల్లవారకముందే పాటలు పాడి ఊరంతటినీ లేపేది కనుక అందరూ ఆమెను కోడికూత అవ్వ అనేవారు. "ఇగ ఎక్కువ దినాలు ఉండ. ఒక్కసారి ప్రభు భోజనం తీసుకొని పోత" అని కబురు పంపింది. మరునాడు పొద్దున్నే పాస్టరు అయ్యగారిని ఎక్కించుకుని బయల్దేరాను. ఆయన భార్య, మా అమ్మగారు, ప్రభు భోజనానికని ఎండు ద్రాక్ష మరిగించి తీసిన రసాన్ని ముదురు రంగు సీసాలో పోసి, రొట్టెతో పాటు సంచిలో పెట్టి, అయ్యగారి కాళ్ల దగ్గర ఉంచారు.

జన్నారం దాటి అడవిలోకి వచ్చేసరికి వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ ఎత్తితే, ఇంజిన్ని చల్లబరచడానికి నిన్ననే నిండుగా పోసిన ఎర్ర కూలెంట్ డబ్బా అడుగంటి ఉంది. బండి కింద పడుకుని చూశాను. ఒక్క చుక్క లేదు, దుమ్ము పొడిగా ఉంది. అరగంట చల్లార్చి, నీళ్లు పోసి కదిలితే పది కిలోమీటర్లకు మళ్లీ అదే కథ. అంతలో కారు నిండా తీపి వాసన. అయ్యగారి కాళ్ల కింది పట్టా మీద ఎర్రటి తడి.

"తమ్మీ, రసం కారుతున్నది!" అన్నారు అయ్యగారు, కాళ్లు పైకెత్తి.

"అమ్మగారు మూత సరిగ్గ పెట్టనట్టున్నది" అని ఆ తల్లి మీద నింద వేశాను. ఇంజిన్ సంగతే మరిచిపోయాం. మూత బిగించి, తువ్వాల చుట్టి, దారంతో కట్టాం. తడి ఆగలేదు, ముల్లూ దిగలేదు.

మూడోసారి బండి ఆగినప్పుడు బానెట్ మీద తల పెట్టి ఏడ్చాను. నుదురు చురుక్కుమన్నా తీయలేదు. "ప్రభువా, నాలో దాచిన పాపమేదో చూపించు. అవ్వ పోకముందే చూపించు" అంటూ, చిన్నప్పుడు పాస్టరు బంగళాలో దొంగిలించిన జామకాయల దాకా గట్టిగా ఒప్పుకున్నాను. (అయ్యగారు కూర్చున్న వైపు కారు అద్దం దించి ఉందని తర్వాత గమనించాను.)

ఎలాగో ఉట్నూర్ చేరాం. మెకానిక్ చాచా ముందు బానెట్ జోలికే పోలేదు. తలుపు తీసి, పట్టా ఎత్తి, తడిని వేలికి రాసుకుని వాసన చూశాడు.

"చాచా, అది ద్రాక్షరసం. అట్ల ముట్టకు" అన్నాను.

"ద్రాక్షరసం లేదు, ఏం లేదు. గిది కూలెంట్. లోపల హీటర్ పలిగింది, నీళ్లన్నీ గీడికే వస్తున్నయ్. నువ్వు బండి కింద దేవులాడితే ఏం దొరుకుతది? జర ఆ సీసా ఇప్పి సూడుండ్రి."

విప్పాం. సీసా మెడదాకా నిండుగా ఉంది.

హీటర్‌కు పోయే రెండు పైపులను ఒకదానికొకటి కలిపేసి, అటు దారి మూసి, నీళ్లు నింపి, "ఫికర్ లేదు, పోండ్రి" అన్నాడు చాచా.

పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ వాకిట్లో జనాన్ని చూసి ఆమె పోయిందనే అనుకున్నాను. లోపల మాత్రం అవ్వ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"గింత ఆలస్యమా కొడుకా? తీస్కపొమ్మని ప్రభువును పొద్దటిసంది అడుగుతున్న. ఆయనేమో జర ఆగుమన్నడు."

అయ్యగారు రొట్టె విరిచారు. రసం పోసిన గిన్నెను నేను అందిస్తే, ఆమె రెండు చేతులా పట్టుకుని తాగింది. నాలుగు రోజులకు ఆమె వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఆ దారిన వెళ్తే బానెట్ మీద తల పెట్టి ఏడుస్తున్న ఆ కుర్రాడు కనిపిస్తాడు. ఒరేయ్, నువ్వడిగిన జవాబు అప్పుడే అయ్యగారి చెప్పులను తడిపేసిందిరా అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. చెబితే ఆ జామకాయల సంగతి వాడు ఇంకెప్పుడు ఒప్పుకుంటాడు?